ఇక్కడ అందరం క్షేమం

పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ప్రతి ఆడపిల్లా ఓ విదేశీ విలేఖరే అంటాను నేను. నవ్వకండి. ఒక్కసారి ఆలోచించి చూడండి. అదో కొత్త దేశం. భాష తెలుగే అయినా మన ఇంట్లో పులుసన్నది అక్కడ దప్పళం అవుతుంది. ఎక్కడా రాసిపెట్టని చట్టాలు బోలెడు. ఎవరి స్నానం ముందు, ఎవరి భోజనం ఆఖరు, ఎవరి ఎదుట కుర్చీలో కూర్చోకూడదు, ఇవన్నీ కళ్ళతో చూసి నేర్చుకోవలసిందే. ఆపైన వారానికో ఉత్తరం సొంత దేశానికి.

నేనూ రాశాను. ఏడేళ్ళపాటు, ప్రతి గురువారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దేసుకున్నాక, నీలం రంగు ఇన్‌లాండ్ కవరు మీద. రాశాక అంటించకూడదు. ముందు గదిలో మామగారి బల్లమీద పెట్టాలి. సాయంత్రం ఆయనే అంటించి పోస్టుకి పంపించేవారు. ఆయన చదివేవారని నేననను. పెద్దమనిషి. కాని చదవచ్చు కదా అన్న ఊహ చాలు, నా కలం పక్కచూపులు చూడకుండా తిన్నగా నడిచేది.

కిందటేడు అమ్మ పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆ ఉత్తరాలన్నీ బయటపడ్డాయి. పాత చీర అంచు చింపి కట్టిన కట్ట. ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చున్నాను. పండగలు, పేరంటాలు, ఆ ఏడు ఎన్ని జాడీల ఆవకాయ పెట్టామో, ఆడపడుచు పెళ్ళిచూపులు, లైబ్రరీ నుంచి తెప్పించుకుని చదివిన నవలల కబుర్లు. అన్ని ఉత్తరాల్లోనూ మొదటి వాక్యం ఒక్కటే: "ఇక్కడ అందరం క్షేమం." ఓ ఉత్తరంలో ఆ "అందరం" దగ్గర నా చూపు ఆగిపోయింది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మిమ్మల్ని కాస్త దూరం, మాస్కో దాకా తీసుకువెళ్ళాలి. ఎందుకంటే, ఆ కట్ట దొరికిన నెలలోనే నేను 1933 నాటి మాస్కో విలేఖరుల గురించి చదువుతున్నాను. పొద్దున వాళ్ళ వార్తలు, మధ్యాహ్నం నా ఉత్తరాలు. రెండూ ఒకే చేతి రాతలా అనిపించడం మొదలుపెట్టాయి.

ఆ రోజుల్లో మాస్కోలో అమెరికా, బ్రిటన్ పత్రికల తరఫున ఉన్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ వారం ఎలా గడిచేదో చెబుతాను. పొద్దున లేస్తూనే ప్రావ్దా, ఇజ్వెస్తియా పత్రికలు. రష్యన్ సరిగ్గా రానివాళ్ళకి కార్యదర్శి చదివి ఇంగ్లీషులో అర్థం చెప్పాలి. అందులోంచి ఏరుకున్నది టైపు కొట్టి విదేశాంగ శాఖలోని పత్రికా విభాగానికి పట్టుకెళ్ళాలి. అక్కడి సెన్సారు అధికారి సరేనన్నాకే తంతి ఆఫీసుకి. విదేశీయులకు వేరే దుకాణాలుండేవి. వెన్న, జున్ను, మాంసం అన్నీ దొరికేవి. సాయంత్రాలు దౌత్య కార్యాలయాల్లో విందులు, లేకపోతే బాలే నాట్యం. వారం తిరిగేసరికి మళ్ళీ ఓ కొత్త వార్త కావాలి. ఇంతకీ ఆ ఇంట్లో ఉండనివ్వడం ఆ ఇంటివాళ్ళ దయ. వీసా రద్దు చేస్తే పెట్టె సర్దుకోవలసిందే.

అదే సమయంలో ఊళ్ళల్లో ఏం జరుగుతోంది? రైతుల భూములన్నీ సామూహిక క్షేత్రాల్లో కలిపేశారు. పట్నాలకీ, ఎగుమతులకీ ఇంత ధాన్యం ఇచ్చితీరాలని లెక్కలు కట్టి, పండినా పండకపోయినా గాదెలు ఊడ్చుకుపోయారు. 1932-33లో ఉక్రెయిన్, ఉత్తర కాకసస్, వోల్గా తీరం, కజకిస్తాన్ ఆకలితో మాడిపోయాయి. ఒక్క ఉక్రెయిన్‌లోనే ముప్పై లక్షల మందికి పైగా చనిపోయారు. బంగారం ఇస్తే తిండి అమ్మే ప్రభుత్వ దుకాణాలుండేవి, వాటిని తోర్గ్‌సిన్ అనేవారు. ఆడవాళ్ళు వేలినున్న పెళ్ళి ఉంగరం తీసిచ్చి పిండి తెచ్చుకునేవారట. మన దగ్గర మంగళసూత్రం తీసి ఇచ్చినట్టు. ఆ కరువు ముదిరిన రోజుల్లోనే, అనుమతి లేకుండా అటువైపు వెళ్ళకూడదని విలేఖరులకు ఆంక్ష పెట్టారు.

మరి రోజూ పత్రికలు చదివేవాళ్ళకి ఈ సంగతి తెలియలేదా అంటారు. పత్రికల్లో కరువన్న మాట లేదు, నిజమే. కాని చదవడంలో రెండు రకాలుంటాయి కదూ. మా అమ్మ నా ఉత్తరాలు చదివే తీరు వేరు. "ఈసారి అక్షరాలు గొలుసుకట్టుగా ఉన్నాయేం, దానికి ఒంట్లో బాగుందో లేదో" అనేదిట నాన్నతో. రాసినదాన్ని కాకుండా రాయనిదాన్ని చదివేది. మాస్కో పత్రికలనీ అలా చదవచ్చు. 1932 ఆగస్టు 7న ఓ చట్టం వచ్చింది. సామూహిక క్షేత్రం ఆస్తి దొంగిలిస్తే మరణశిక్ష, కనికరించితే పదేళ్ళ ఖైదు. కోసిన చేలో రాలిన కంకులేరుకున్నవాళ్ళని కూడా ఆ చట్టం కిందే పట్టుకుపోయారు. తిండి పుష్కలంగా ఉన్న ఇంట్లో బియ్యం డబ్బాకి తాళం ఎందుకేస్తారు? సంసారం చేసిన ఏ ఆడదానికైనా ఆ తాళం చూస్తే చాలు, ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది.

ఇక్కడ గారెత్ జోన్స్ అనే కుర్రవాడి సంగతి చెప్పాలి. అతని కంటే ముందు వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ పేరు యానీ గ్వెన్. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతపు ఆవిడ. పెళ్ళి కాకముందు, 1889 నుంచి మూడేళ్ళు, ఉక్రెయిన్‌లో యూజోవ్కా అనే ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం చేసింది. ఇప్పుడు దొనెత్స్క్ అంటున్న నగరం అదే. వేల్స్ నుంచి వెళ్ళిన హ్యూస్ అనే పారిశ్రామికుడు ఇనుము కర్మాగారం పెట్టి కట్టించిన ఊరు. ఆయన మనవలకి ఈవిడ పాఠాలు చెప్పేది. తిరిగొచ్చి పెళ్ళి చేసుకుని, 1905లో పుట్టిన కొడుక్కి ఆ ఊరి కబుర్లన్నీ చెప్పింది. ఆ కబుర్లు విని విని పిల్లవాడికి ఆ దేశం చూడాలని కోరిక పుట్టింది. కేంబ్రిడ్జిలో రష్యన్ చదువుకున్నాడు.

1930లో మొదటిసారి వెళ్ళాడు. అమ్మ ఊరు చూడాలని సరదాపడి యూజోవ్కా వెళితే, సాయంత్రం ఏడింటిదాకా తినడానికి దొరికింది ఒక్క రొట్టె ముక్క. ఇక ఉండలేక వచ్చేశాడు. సరిహద్దు దాటి బెర్లిన్ చేరాక అమ్మానాన్నలకి ఉత్తరం రాశాడు. అక్కడ తిండి లేదనీ, వచ్చే చలికాలం జనం చాలా బాధ పడతారనీ. సరిహద్దు దాటాక, గమనించారా? మనమూ అంతే కదండీ. పండక్కి పుట్టింటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అమ్మ పక్కన వంటింటి గడప మీద కూర్చున్నాకే కదా అసలు కబుర్లు బయటికొచ్చేవి.

1933 మార్చిలో మళ్ళీ వెళ్ళాడు. వీపు సంచీలో రొట్టె, వెన్న, జున్ను, చాక్లెట్ పెట్టుకుని మాస్కోలో రైలెక్కాడు. ఖార్కివ్ నగరం చేరకముందే ఓ చిన్న స్టేషన్‌లో దిగిపోయి, పట్టాల వెంబడి ఊరి తర్వాత ఊరు నడిచాడు. రైతుల గుడిసెల్లోనే రాత్రిళ్ళు తలదాచుకున్నాడు. ఏ గుమ్మంలో అడిగినా రొట్టె లేదన్నదే జవాబు. రైల్లో జరిగిన ఓ చిన్న సంగతి అతనే రాశాడు. కరువేమీ లేదని ఓ కమ్యూనిస్టు వాదిస్తున్నాడట. జోన్స్ తను తింటున్న రొట్టెలో ఓ ముక్క అక్కడున్న ఉమ్ముతొట్టెలో పడేశాడు. తోటి ప్రయాణికుడొకడు, పల్లెటూరి రైతు, అందులో చెయ్యి పెట్టి ఆ ముక్క తీసుకుని ఆబగా తినేశాడు. కమలాపండు తొక్క పడేస్తే అదీ తీసుకుని తిన్నాడు. వాదన అంతటితో సరి.

ఆ కుర్రవాడు రొట్టె ఉమ్ముతొట్టెలో వెయ్యడం నాకు నచ్చలేదు. నేరుగా ఆ రైతు చేతిలో పెట్టచ్చు కదా అనిపించింది. కాని అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం మనం. ఆ ఒక్క ముక్క చాలింది.

మార్చి 29న జోన్స్ బెర్లిన్‌లో విలేఖరులని పిలిచి చూసిందంతా చెప్పాడు. రెండు రోజులు తిరగలేదు, మార్చి 31న న్యూయార్క్ టైమ్స్‌లో దానికి ఖండన వచ్చింది. రాసినవాడు వాల్టర్ డ్యూరాంటీ. 1922 నుంచి మాస్కోలో ఉన్నవాడు, స్టాలిన్‌నే ముఖాముఖి కలిసి మాట్లాడినవాడు, సోవియట్ రష్యా గురించి 1931లో రాసిన వ్యాసాలకి పులిట్జర్ బహుమతి అందుకున్నవాడు. ఆయన ఏమన్నాడంటే, ఈ కుర్రవాడు నడిచింది నలభై మైళ్ళు, అంత పెద్ద దేశానికి అదేం లెక్క అన్నాడు. తిండికి కొరత ఉన్నమాట నిజమేగాని ఆకలి చావులు లేవన్నాడు. సరైన తిండి లేక వచ్చే జబ్బులతో మాత్రం చాలామంది పోతున్నారన్నాడు. ఆమ్లెట్ వెయ్యాలంటే గుడ్లు పగలగొట్టక తప్పదనే సామెత కూడా వాడాడు.

సామెత బాగానే ఉంది. ఎటొచ్చీ ఆమ్లెట్ తినేవాడు చెప్పే సామెత అది. గుడ్డు చెప్పేది కాదు.

జోన్స్ ఊరుకోలేదు. మే నెలలో అదే పత్రికకి జవాబు రాశాడు. మాస్కో విలేఖరులు మెత్తని మాటలు వాడటంలో ఆరితేరిపోయారని ఎత్తిపొడిచాడు. కరువుకి తిండి కొరత అని పేరు. ఆకలి చావుకి, సరైన తిండి లేక వచ్చిన జబ్బు అని పేరు. ఇంతకీ డ్యూరాంటీకి సంగతి తెలియదా? ఆ సెప్టెంబరులో మాస్కోలోని బ్రిటిష్ దౌత్య కార్యాలయం వారితో మాట్లాడుతూ, తిండి లేకపోవడంవల్ల నేరుగానో పరోక్షంగానో కోటిమంది దాకా పోయి ఉండవచ్చని ఆయనే అన్నాడు. విందు గదిలో ఒక లెక్క, ఉత్తరంలో ఒక లెక్క.

ఒక్క డ్యూరాంటీని అని ఏం లాభం? యుజీన్ లయన్స్ అనే మరో విలేఖరి 1937లో పుస్తకం రాస్తూ, జోన్స్ చెప్పింది నిజమని తెలిసే మేమంతా కలిసి అతన్ని అబద్ధాలకోరుని చేశామని ఒప్పుకున్నాడు. అప్పట్లో మాస్కోలో కొందరు బ్రిటిష్ ఇంజనీర్ల మీద విచారణ జరగబోతోంది. ఆ వార్తలు పంపాలంటే సెన్సారు దయ కావాలి. చూశారా, ఎంత చిన్న కారణమో! మాల్కం మగ్గరిడ్జ్ అని ఇంకో ఆయన ఉన్నాడు. భార్య కిట్టీతో సహా 1932లో మాస్కో వెళ్ళాడు. అదే భూలోక స్వర్గమని, అక్కడే ఉండిపోదామని వెళ్ళినవాళ్ళు. తీరా వెళ్ళాక, అనుమతి అడక్కుండా టికెట్టు కొనుక్కుని ఉక్రెయిన్, ఉత్తర కాకసస్ చూసొచ్చాడు. చూసింది రాసి, సెన్సారు కంటపడకుండా దౌత్య కార్యాలయం సంచీలో పంపితే, 1933 మార్చి చివర మాంచెస్టర్ గార్డియన్‌లో పేరు లేకుండా అచ్చయింది. కిట్టీ పెద్దమ్మ బియాట్రిస్ వెబ్ ఆ రోజుల్లో పేరుమోసిన మేధావి, సోవియట్ దేశాన్ని కళ్ళకద్దుకున్న ఆవిడ. ఆ ఇంట్లో ఈ అల్లుడి మాటకి ఎంత విలువ దక్కి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నారు కదా.

ఇంతవరకూ చదివి నేను డ్యూరాంటీ మీద మండిపడ్డాను. హాయిగా వెన్న తింటూ ఎలా రాశాడమ్మా అనుకున్నాను. అలా అనుకున్న మధ్యాహ్నమే నా ఉత్తరాల కట్టలో ఆ ఉత్తరం కనిపించింది.

మా అత్తవారింట్లో మామ్మగారని ఒకావిడ ఉండేవారు. మామగారికి మేనత్త. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి చేరిన మనిషి. వెనక వసారాలో చిన్న గది. అందరి భోజనాలూ అయ్యాక మిగిలింది ఆవిడకి. చుట్టాలొచ్చిన రోజున ఏమీ మిగిలేది కాదు. ఆవిడకి పెట్టవద్దని ఎవరూ అనలేదు. పెట్టారా అని కూడా ఎవరూ అడగలేదు. రాత్రిళ్ళు ఆవిడ అటుకుల డబ్బా తడుముకునే చప్పుడు నాకు వినిపించేది. విని అటు తిరిగి పడుకునేదాన్ని.

ఓ గురువారం నేను రాసుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగారు. "మీ అమ్మకేనుటే?"

"అవును మామ్మగారూ."

"నేనున్నానని రాశావుటే?"

నవ్వేసి, రాస్తానన్నాను. రాయలేదు. బల్లమీద పెట్టవలసిన ఉత్తరం కదా.

నా కాపురం నాలుగో ఏట ఆవిడ పోయారు. చూసిన డాక్టరుగారు బాగా నీరసం అన్నారు. ఆ వారం నా ఉత్తరం ఇలా మొదలైంది: "మామ్మగారు పెద్దవయసు నీరసంతో కాలం చేశారు. మిగతా అందరం క్షేమం." ఏడేళ్ళ ఉత్తరాల్లో ఆవిడ ప్రసక్తి ఆ ఒక్క చోటే. అంతకుముందు రాసిన అన్ని "అందరం"లలోనూ ఆవిడ లేరు. సరైన తిండి లేక వచ్చే జబ్బులు అని డ్యూరాంటీ రాస్తే నాకు ఒళ్ళు మండింది. పెద్దవయసు నీరసం అని నేను రాసినప్పుడు చెయ్యి వణకనైనా లేదు.

కోట్లమంది బతుకుకీ ఓ వసారా గదికీ పోలికేమిటని మీరు అనవచ్చు. నిజమే. కాని అబద్ధం నేర్చుకునే బడి మాత్రం ఒక్కటే అనిపిస్తుంది నాకు. తిన్న ఉప్పు, ఉండనిచ్చిన ఇల్లు, బల్లమీద పెట్టవలసిన ఉత్తరం.

అలాగని ఇంట్లో ప్రతి గుట్టూ వీధిన పెట్టమంటావా అని అడుగుతారు. ఇంటిగుట్టు లంకకు చేటని మా అమ్మే నాకు చెప్పి పంపింది. ఆ మాట తప్పని నేనివాళ కూడా అనను. నాకు జ్వరం వచ్చి రాయకపోతే అది నా ఇష్టం. మా ఆయన విసుక్కుంటే, అత్తగారు దెప్పితే, అమ్మ బెంగపడుతుందని మింగేశాను. అది నా కష్టం, దాచుకునే హక్కు నాది. కాని మామ్మగారి ఆకలి నాది కాదు. అది ఆవిడ సొత్తు. ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పమని అడిగిన సొత్తు. దాన్ని దాచిపెట్టి మంచి కోడలన్న పేరు నేను కొనుక్కున్నాను.

రాస్తే అమ్మ ఏం చెయ్యగలిగేది? ఏమీ చెయ్యలేకపోయేదేమో. జోన్స్ చెప్పినంత మాత్రాన ఆ కరువు ఆగలేదు కదా. ఇదీ నేను నాకు చెప్పుకున్న సమాధానమే. దానికి జవాబు వెతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. ఉత్తరం రాయడానికి మామగారి బల్ల అడ్డం. సరే. పొద్దున వార్చిన అన్నంలో ముందే నాలుగు మెతుకులు తీసి మూతపెట్టి ఉంచడానికి ఏ బల్ల అడ్డమొచ్చింది? ఉత్తరంలో అందరం క్షేమమని రాయడం అలవాటయ్యాక, ఆ అందరిలో ఆవిడ లేరన్న సంగతి నాకే తోచడం మానేసింది. మనం రాసే మెత్తని మాటలు దూరాన ఉన్నవాళ్ళకంటే ముందు మన కళ్ళనే కప్పుతాయి.

జోన్స్‌ని మళ్ళీ రష్యాలో అడుగు పెట్టనివ్వలేదు. కొన్నాళ్ళు కార్డిఫ్‌లో ఓ పత్రికకి స్థానిక వార్తలు రాసుకున్నాడు. తర్వాత తూర్పు దేశాలకి వెళ్ళి, 1935 ఆగస్టులో ఇన్నర్ మంగోలియా ప్రాంతంలో బందిపోట్ల చేతిలో హతమయ్యాడు. ముప్పయ్యో పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు. నడుస్తూ రాసుకున్న నోటు పుస్తకాలు ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయాయి. 2009లో కేంబ్రిడ్జిలో అతను చదివిన ట్రినిటీ కళాశాలలోనే వాటిని జనానికి చూపించారు. డ్యూరాంటీ బహుమతి వెనక్కి తీసుకోమని చాలామంది అడిగారు. 2003లో పులిట్జర్ సంఘం వెనక్కి తీసుకోమని చెప్పేసింది. ఉంటే ఉండనివ్వండి. నా మంచి కోడలన్న పేరు మాత్రం ఎవరు వెనక్కి తీసుకున్నారు?

మా అమ్మాయి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటుంది. ఆదివారం ఆదివారం ఫోనులో మొహం చూపించి మాట్లాడుతుంది. ఇన్‌లాండ్ కవర్లు లేవు, బల్లా లేదు. అయినా మొదటి మాట ఇప్పటికీ అదే: "అందరం బాగున్నాం అమ్మా." ఇదివరకు నేను "తిన్నావా?" అని అడిగేదాన్ని. కట్ట చదివిన తర్వాతి ఆదివారం వేరేగా అడిగాను.

"మీ ఇంట్లో అందరూ తిన్నారుటే?"

"అందరూ అంటే? మేం నలుగురమేగా" అని నవ్వింది. నేనేమీ అనలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, "ఉండమ్మా, కింద గదిలో అద్దెకున్న అబ్బాయి రెండు రోజులై కనబడలేదు. ఉద్యోగం పోయిందన్నారు. ఒకసారి చూసొస్తాను" అంది.

ఫోను బల్లమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళింది. దాని ఖాళీ కుర్చీని చూస్తూ నేనిక్కడ కూర్చున్నాను. పావుగంట పట్టింది. నాకు విసుగనిపించలేదు.